వినపడకపోతే అరవాలా?

ప్రశ్న: మా వారికి 70 దాటాయి. ఏడాదిగా ఏం చెప్పినా "ఆఁ?" అంటున్నారు. గట్టిగా చెబితే "ఎందుకలా అరుస్తావ్" అని విసుక్కుంటారు. స్నేహితుల మాటలు బాగానే వినిపిస్తాయి, నా మాట మాత్రం వినపడదు! మిషన్ కొన్నాం, పెట్టుకోరు. రోజూ ఇదే గొడవ. ఏం చేయాలి?

జవాబు: ఆయన కావాలని చేస్తున్నారేమో అన్న అనుమానం ముందు వదిలేయండి (అలా తప్పించుకునే భర్తలూ లేకపోలేదు, అది వేరే సంగతి). వయసుతో వచ్చే చెవుడులో ముందు పోయేది సన్నటి శబ్దాలు, ఆడవాళ్ల గొంతు మగవాళ్ల గొంతు కంటే సన్నగా ఉంటుంది కాబట్టి స్నేహితుల మాట అందినంతగా మీ మాట అందదు. పైగా క, ప, త, స లాంటి హల్లులు జారిపోయి అచ్చులే మిగులుతాయి. మీరు ‘కాలు’ అన్నది ‘పాలు’ అని వినపడి ఆయన ఫ్రిజ్ తలుపు తీస్తే వెటకారం అనుకోకండి. అరిస్తే ప్రధానంగా పెరిగేది అచ్చుల మోతే. లోపలి చెవి దెబ్బతింటే ఇంకో తిప్పలు కూడా ఉంటుంది, మామూలు శబ్దం అందదు, కాస్త పెంచితే భరించలేరు. అందుకే "వినపడట్లేదు" అన్న మనిషే మరుక్షణం "అరవకు" అంటాడు, రెండూ నిజమే.

గొంతు పెంచే బదులు దగ్గరికి వెళ్లండి. దూరం సగానికి తగ్గితే శబ్దం సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. కుళాయి కింద గిన్నెలు కడుగుతూ, అవతలి గదిలో టీవీ చూస్తున్న మనిషితో మాట్లాడటం ఇవాళ్టి నుంచి మానేయండి. పిలిచి, ఆయన మీ వైపు తిరిగాక మొదలెట్టండి, వెలుగు మీ ముఖం మీద పడాలి. అర్థం కాకపోతే అదే వాక్యాన్ని మళ్లీ మళ్లీ చెప్పకుండా మాట మార్చి చెప్పండి. వినడానికే బోలెడు ఓపిక ఖర్చవుతుంది, సాయంత్రానికి అలసిపోతారు, డబ్బు లెక్కల్లాంటివి పొద్దున్నే మాట్లాడుకోండి. "ఏం లేదులే, వదిలెయ్" అని మాత్రం అనొద్దు, అది చాలా గుచ్చుకుంటుంది.

ఇక్కణ్ణుంచి ఆయనతో చదివించండి. సార్, ఉత్త "ఆఁ?" చాలదు. "డాక్టర్ దగ్గరికి ఎన్నింటికన్నావ్?" అని అడిగితే ఆవిడ ఆ ఒక్క ముక్కే చెప్పి ఊరుకుంటారు. వినపడకుండానే తలూపేశారో, అసలు గొడవ అక్కడే మొదలవుతుంది. మిషన్ కళ్లజోడులా పెట్టిన రోజే కుదరదు, మెదడు అలవాటుపడటానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. మొదట నిశ్శబ్దంగా ఉన్న గదిలో మీరిద్దరూ మాట్లాడుకునేటప్పుడు పెట్టుకోండి, తర్వాత మెల్లగా సమయం పెంచండి. కీచుమన్నా, నొప్పి పుట్టినా ఆడియాలజిస్ట్ (వినికిడి పరీక్షించి మిషన్ అమర్చే నిపుణులు) దగ్గరికి తీసుకెళ్లి సరిచేయించండి. చెవిలో గులిమి అడ్డుందేమో కూడా చూపించుకోండి.

ఒక చెవి ఉన్నట్టుండి, ఒకటి రెండు రోజుల్లో వినపడటం మానేస్తే మాత్రం వయసు మీదకు నెట్టేయకుండా ఆ రోజే ఈఎన్‌టీ డాక్టర్‌ని కలవండి.