పథకాలన్నీ అందుతున్నా పాప బరువు పెరగడం లేదు

ప్రశ్న: మాది మహబూబ్‌నగర్ జిల్లా. మా పాపకు 14 నెలలు, బరువు 7 కిలోలు. రేషన్ బియ్యం, అంగన్‌వాడీ నుంచి బాలామృతం అనే పోషక పిండి, గుడ్లు అందుతున్నాయి. నేనూ నా భార్యా కూలికి వెళ్తే పాపను మా అమ్మ చూసుకుంటుంది. అయినా ఎందుకు ఎదగడం లేదు?

జవాబు: ఈ వయసు ఆడపిల్లల సగటు బరువు దాదాపు 9.4 కిలోలు, 7.4 కిలోల కంటే తగ్గితే తక్కువ బరువు కిందే లెక్క. కాబట్టి మీ ఆందోళన సరైనదే. ఇది మీ ఒక్క ఇంటి సమస్య కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లల్లో నూటికి 33 మంది వయసుకు తగిన ఎత్తు లేరు. 70 శాతం మందికి రక్తహీనత ఉంది.

రేషన్ బియ్యం ఇంటిల్లిపాది ఆకలి తీరుస్తుంది. ఏడాది దాటిన బిడ్డ పొట్ట మాత్రం చాలా చిన్నది. చారు కలిపిన పలుచని అన్నం నాలుగు ముద్దలకే అది నిండిపోతుంది తప్ప, ఎదుగుదలకు కావలసిన శక్తి, మాంసకృత్తులు, ఇనుము అందవు. ఇక బాలామృతం నెలకు రెండున్నర కిలోలు, అంటే 25 రోజుల లెక్కన రోజుకు 100 గ్రాములు, ఒక్క బిడ్డ కోసమే ఇస్తారు. ఇంట్లో పెద్ద పిల్లలుంటే వాళ్లూ తింటారు, గుడ్లు అందరి కూరలో కలిసిపోతాయి. పంచుకుని తినే ఇంటిని నేను తప్పుపట్టలేను, కానీ పాప వాటా పాపకే దక్కాలి. బిడ్డ వాటా బిడ్డకే అందితే, వైద్యమూ తోడైతే ఫలితం ఉంటుందనడానికి ఒక ఉదాహరణ: మెక్సికోలో 1997లో మొదలైన ప్రొగ్రెసా పథకం పేద తల్లులకు నగదుతో పాటు పసిపిల్లలకు పోషక పిండి, క్రమం తప్పని వైద్య పరీక్షలు కూడా ఇచ్చింది. అత్యంత పేద ఇళ్లలో నెలల వయసులోనే పథకంలో చేరిన బిడ్డలు ఆలస్యంగా చేరినవారి కంటే సుమారు ఒక సెంటీమీటరు ఎత్తు ఎక్కువ పెరిగారు.

మరో కారణం తల్లికి తీరిక లేకపోవడం. పని ప్రదేశానికి ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురైనా వస్తే, వారిని చూసుకోవడానికి ఒక మహిళను కూలి ఇచ్చి పెట్టాలని 2005 నాటి ఉపాధి హామీ చట్టమే చెప్పింది. ఆ ఏర్పాటు నిజంగా జరిగిన చోట్లు నేను చాలా తక్కువ చూశాను.

మీ అమ్మగారికి ఇలా చెప్పండి: రోజుకు మూడు నాలుగు సార్లు ముద్దపప్పు, చెంచా నూనె లేదా నెయ్యి కలిపిన మెత్తని అన్నం, మధ్యలో బాలామృతం, గుడ్డు పెట్టాలి. రెండేళ్లు నిండేవరకు తల్లిపాలు మానిపించకండి. జ్వరం, విరేచనాలు తగ్గాక కొన్నాళ్లు ఒక పూట అదనంగా తినిపించండి. ఆశా కార్యకర్త ఇచ్చే ఐరన్ సిరప్‌ను వారానికి రెండుసార్లు వేయండి.

ఈ వారమే అంగన్‌వాడీలో పాప జబ్బ చుట్టుకొలత తీయించండి. అది 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువున్నా, రెండు పాదాలకూ వాపు కనిపించినా, ఆలస్యం చేయకుండా పోషకాహార పునరావాస కేంద్రం ఉన్న ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లండి. అలా లేకపోయినా పిల్లల వైద్యుడికి ఒకసారి చూపించండి; దీర్ఘకాలిక ఇన్‌ఫెక్షన్లు, క్షయ వంటివి లేవని తేల్చుకోవాలి.