గని నీరు పారే వాగు: చిత్తడిలోని నల్లమట్టి పొలానికి తోలవచ్చా?

ప్రశ్న: మా పొలానికి ఎగువన మూతపడిన గని ఉంది. అక్కడ ఊరే నీరు చిత్తడి నేల మీదుగా వాగులో కలుస్తోంది. వాగులో రాళ్లకు తుప్పు రంగు పొర పట్టింది, నీరు మాత్రం తేటగానే ఉంది. ఈ నీటితో వేసిన వరి గిడసబారుతోంది. చిత్తడిలోని నల్లమట్టి పొలానికి తోలుకోవచ్చా? గొర్రెలను, పశువులను అక్కడ మేపవచ్చా?

జవాబు: మట్టి తోలకండి. మీ ప్రశ్నలో నన్ను కలవరపెట్టింది అదే.

గని రాతిలోని పైరైటుకు (ఇనుము, గంధకం కలిసిన ఖనిజానికి) గాలి, నీరు తగిలితే గంధకామ్లం పుడుతుంది. అది రాతిలోని కాడ్మియం అనే విషలోహాన్ని, జింకు, రాగి వంటి లోహాలను కరిగించి వెంట తెస్తుంది. దిగువకు వచ్చేసరికి ఆమ్లం పలచబడి ఇనుము ముందుగా విడిపోతుంది. మీ రాళ్ల మీది పొర అదే. కాడ్మియం, జింకు మాత్రం తేట నీటిలోనే ఇంకా ప్రయాణిస్తూ ఉండవచ్చు. గాలి ఆడని చిత్తడి బురదలో సూక్ష్మజీవులు ఈ లోహాలను కరగని సల్ఫైడులుగా (గంధకంతో కలిసిన రూపాలుగా) మార్చి అడుగున పట్టి ఉంచుతాయి. మీకు సారంగా కనిపిస్తున్న ఆ నలుపులో ఇనుప సల్ఫైడు కూడా ఉండవచ్చు. తవ్వి ఎండలో పరిస్తే మళ్లీ ఆమ్లం పుట్టి, లోహాలు విడుదలవుతాయి. గని చేసిన పని మీ మడిలో మొదలవుతుంది.

ఒక వరి మొక్కను పీకి చూడండి. కింది ఆకుల కొనల నుంచి సన్నని గోధుమ రంగు మచ్చలు, వేళ్లకు తుప్పు పూత ఉంటే ఇనుము ఎక్కువైనట్లు అనుమానించాలి. దీనికి మడి ఆరగట్టమని మామూలుగా చెబుతాం. మీకు ఆ సలహా ఇప్పుడే ఇవ్వలేను. నీరు తీసేస్తే కాడ్మియం గింజలోకి ఎక్కువగా చేరుతుంది, ముఖ్యంగా వెన్ను వేసే దశలో. నీరు నిలిపితే ఆర్సెనిక్ అనే మరో విషపదార్థం గింజలోకి చేరే ముప్పు. ఏది ఉందో పరీక్షే తేల్చాలి. పైగా, పైరు పచ్చగా ఉన్నా గింజలో కాడ్మియం ఉండవచ్చు. జపాన్‌లో జింజు నది ఒడ్డున గని నీరు పారిన పొలాల బియ్యం తిన్నవారి ఎముకలు పెళుసుబారాయి. అది కాడ్మియం వల్లేనని అక్కడి ప్రభుత్వం 1968లో గుర్తించింది.

నీటి నమూనాలు ఇప్పుడొకటి, తొలకరి వానకు మరొకటి తీయండి. ఎండాకాలంలో గట్టున పేరుకున్న లవణాలు మొదటి వానకే కొట్టుకొస్తాయి కాబట్టి ఆ నీటిని పొలంలోకి రానివ్వకండి. సాగునీటిలో కాడ్మియం లీటరుకు 0.01 మిల్లీగ్రాము, ఆర్సెనిక్ 0.1 మిల్లీగ్రాము దాటకూడదు. మట్టి పరీక్ష కూడా చేయించి, ఆమ్ల గుణం ఉంటే ఉదజని సూచిక (పీహెచ్) 6.5కు చేరేలా సున్నం వేయండి. సున్నం కాడ్మియాన్ని తీసేయదు, వేళ్లకు అందకుండా కొంత కట్టడి చేస్తుంది. ఆర్సెనిక్‌కు అది మందు కాదు.

మేపు ఆపేయండి. పశువులు గడ్డితో పాటు బురదనూ మింగుతాయి. గొర్రెలు రాగిని అసలే తట్టుకోలేవు.

ఈ నీటితో ఆకుకూరలు పండించకండి, కాడ్మియం ఆకుల్లో త్వరగా పేరుకుంటుంది. ఇప్పుడున్న వరి కోశాక గింజను పరీక్షకు పంపండి. పాలిష్ చేసిన బియ్యంలో కాడ్మియానికి అంతర్జాతీయ పరిమితి కిలోకు 0.4 మిల్లీగ్రాములు, ఫలితం వచ్చేదాకా ఆ ధాన్యాన్ని విడిగా ఉంచండి.