గట్టు జరిపిన చేతులు

ప్రశ్న: అయ్యగారూ, మాది బొబ్బిలి దగ్గర పల్లె. అన్నయ్య పొలం గట్టు జానెడు లోపలికి జరిపాను. ప్రతి ఆదివారం మోకాళ్లూని ఏడుస్తున్నా మనసు తేలికపడటం లేదు. ఎందుకు?

జవాబు: తమ్ముడూ, ఏడుపు మంచిదే. బైబిల్లో లూకా సువార్త 18వ అధ్యాయంలో రొమ్ము కొట్టుకున్న సుంకరే, అంటే పన్ను వసూలుదారే, నీతిమంతుడిగా ఇంటికెళ్లాడు, వారానికి రెండుసార్లు ఉపవాసముండే మతనిష్ఠాపరుడైన పరిసయ్యుడు కాదు. కానీ తర్వాతి అధ్యాయం కూడా చదువు. అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగిస్తానన్నాడు జక్కయ్య అనే సుంకరి. నువ్వు జానెడైనా ఇవ్వలేదే!

నేనూ ఒకప్పుడు ఓ సంఘపెద్దను నలుగురిలో కసిరి, క్షమాపణ మాత్రం దేవుడికే చెప్పుకున్నాను. అది సులువు మరి! చివరికి ఆమదాలవలస వెళ్లి ఆయన గుమ్మంలో నిలబడితే కాళ్లు వణికాయి. ఆయన టీ ఇచ్చారు, అంతే.

కానుకను బలిపీఠం దగ్గరే విడిచి, ముందు సహోదరుడితో సమాధానపడమన్నారు ప్రభువు, మత్తయి 5లో. వచ్చే ఆదివారం మందిరానికి రాకముందే పార పట్టుకుని పొలానికి వెళ్లు. అన్నయ్యనీ రమ్మను.