దాత తప్పుకున్నా సంస్థ నిలబడాలంటే

ప్రశ్న: సోషల్ వర్క్‌లో పీజీ చివరి ఏడాది చదువుతున్నాను. ఎప్పటికైనా ఒక స్వచ్ఛంద సంస్థను నడపాలని కోరిక. నేను ఇంటర్న్‌షిప్ చేసిన చోట ఒక పెద్ద దాత తప్పుకోగానే సగం మంది సిబ్బందిని తీసేశారు. ఈ రంగాన్ని నమ్ముకోవచ్చా? వెంటనే ఎంబీఏ చేయమంటారా?

జవాబు: నమ్ముకోవచ్చు. అయితే మీరు చూసింది ఎక్కడో ఒకచోట జరిగేది కాదు. రేపు మీరు డైరెక్టర్ అయినా ఆ టెన్షన్ తప్పదు. అందుకే ఎంబీఏ కంటే ముందు సంస్థ లెక్కలు చదవడం నేర్చుకోండి. దాతలు ఇచ్చే డబ్బు చాలావరకు ఫలానా పనికే వాడాలన్న షరతుతో వస్తుంది. బ్యాంకులో లక్షలున్నా జీతాలకు తీయలేని పరిస్థితి అందుకే వస్తుంది. షరతుల్లేని సొమ్ము ఎంత ఉంది, అది ఎన్ని నెలలకు సరిపోతుంది, ఒక్క దాత మీదే ఎంత ఆధారపడ్డాం అన్నవి నెలనెలా చూసుకునేవారికి ప్రమాదం ముందే తెలుస్తుంది. కనీసం మూడు నుంచి ఆరు నెలల ఖర్చు పక్కన ఉంచుకోమని ఈ రంగంలో సాధారణంగా చెబుతారు.

డబ్బు సంగతి అలా ఉంచితే, కాలం మారి అసలు పనే మార్చుకోవాల్సి రావచ్చు. అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 1938లో పోలియో మీద పోరాటానికి ఒక సంస్థ పెట్టారు. అదే నేటి మార్చ్ ఆఫ్ డైమ్స్. దాని నిధులతో తయారైన సాల్క్ పోలియో టీకా బాగా పనిచేస్తుందని 1955లో తేలింది. అనుకున్నది నెరవేరింది కాబట్టి మూసేసినా తప్పు పట్టేవారు ఉండరు. కానీ 1958లో ఆ సంస్థ పుట్టుకతో వచ్చే లోపాల నివారణ వైపు మళ్లింది. ఇలాంటి నిర్ణయమే నాయకుడి అసలు పని అని నా అభిప్రాయం.

నాకు బాగా నచ్చే ఉదాహరణ బంగ్లాదేశ్‌లోని బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థ. ఫజ్లే హసన్ అబేద్ 1972లో దాన్ని యుద్ధం తర్వాత తిరిగొచ్చిన శరణార్థుల సహాయం కోసం మొదలుపెట్టారు. 1980ల్లో దాని కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి, విరేచనాలతో నీరసించిన పిల్లలకు ఉప్పు, బెల్లం, నీళ్లు కలిపి పట్టడం తల్లులకు నేర్పారు. ఎన్ని ఇళ్లు తిరిగారన్నది కాకుండా, తల్లులకు ఎంత గుర్తుందో తర్వాత వేరేవాళ్లు వెళ్లి పరీక్షించి, దాన్నిబట్టే ఆ కార్యకర్తలకు డబ్బిచ్చారు. చేతిపనుల దుకాణాలు నడిపి సొంత ఆదాయం కూడా సంపాదించుకున్నారు.

కాబట్టి ముందు రెండు మూడేళ్లు ఫీల్డ్‌లో పనిచేయండి. తర్వాత నిధుల సేకరణ, బడ్జెట్ చూసే విభాగానికి మారండి. ఎంబీఏ అప్పుడు చేస్తే ఏం నేర్చుకోవాలో మీకే తెలుస్తుంది. ఎక్కడ చేరాలన్నా ముందు ఆ సంస్థ రెండేళ్ల ఆడిట్ నివేదికలు అడిగి చదవండి. ఇవ్వడానికి వెనకాడితే ఇంకో చోటు చూసుకోండి.