లేజర్ తర్వాత చీకట్లో తడబాటు

ప్రశ్న: నాకు 57 ఏళ్లు. షుగర్ వల్ల రెటీనా దెబ్బతిందని రెండు కళ్లకూ లేజర్ చేశారు. ఇప్పుడు సాయంత్రం మలక్‌పేట రైల్వే బ్రిడ్జి కిందికి స్కూటర్ దింపితే కాసేపు ఏమీ కనిపించదు. పక్కనుంచి ఆటో హారన్ కొడితేగాని తెలియదు. లేజర్ వికటించిందా?
– ఒక పాఠకుడు, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: వికటించినట్టు కాదండీ. రెటీనా అంచుల్లో వందలకొద్దీ చుక్కలుగా కాల్చితేనే షుగర్ వల్ల అడ్డదిడ్డంగా పుట్టే పిచ్చి రక్తనాళాలు అణుగుతాయి. నడిమి చూపు నిలవాలని అంచు చూపు కొంత వదులుకుంటాం. చీకటికి కళ్లు అలవాటు పడటం ఆలస్యమవుతుంది, ఇది తరచూ శాశ్వతమే. లేజర్‌తో కాల్చిన ఆ మచ్చలు ఏళ్లు గడిచేకొద్దీ కాస్త విస్తరించొచ్చు కూడా. అలాగని అన్నీ లేజర్ ఖాతాలో వేసేయకండి. శుక్లం, మాక్యులా (రెటీనా నడిమి భాగం) వాపు కూడా చూపు తగ్గిస్తాయి. చుక్కల మందు వేయించుకుని రెటీనా పరీక్ష, ఫీల్డ్ టెస్ట్ (చూపు చుట్టూ ఎంతమేర ఉందో చూసే పరీక్ష) చేయించుకోండి. చీకటి పడ్డాక స్కూటర్ వద్దు, మీకు మెట్రో ఉందిగా! ఉన్నట్టుండి నల్లమచ్చలు తేలినా, తెర పడినట్టున్నా ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లండి.