దేని నుంచి ఎగ్జెంప్ట్?

ఈ ఆగస్టులో అమెరికాకి ఎమ్మెస్ చదవడానికి వచ్చిన మా ఊరి కుర్రాడు మొన్న ఫోన్ చేశాడు. "అన్నా, యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసువాళ్లు నేను ఎగ్జెంప్ట్ అన్నారు. మరి లైబ్రరీ జాబ్ జీతంలో ట్యాక్స్ ఎందుకు కోశారు?" నవ్వొచ్చింది. చాలా ఏళ్ల క్రితం సరిగ్గా ఈ మాట దగ్గరే నేనూ బొక్కబోర్లా పడ్డాను.

ఎగ్జెంప్ట్ అంటే మినహాయింపు. తెలుగులో ఫీజు మినహాయింపు, పన్ను మినహాయింపు అని దేనికో చెప్పాకే ఆ మాట వస్తుంది. అమెరికా ఫారాల్లో ఆ ముందు మాట మింగేస్తారు. దాన్ని మనమే వెతుక్కోవాలి.

వాడికి ఆఫీసువాళ్లు చెప్పింది రోజుల లెక్క గురించి. పన్ను కోసం ఎవరు రెసిడెంటో (ఇక్కడి నివాసి కిందకి వస్తారో) తేల్చడానికి ఐఆర్ఎస్, అంటే అమెరికా పన్నుల శాఖ, మనం ఇక్కడున్న రోజులు లెక్కపెడుతుంది. ఈ ఏడాది కనీసం 31 రోజులు ఉండాలి. ఈ ఏడాది రోజులన్నీ, నిరుటివాటిలో మూడో వంతు, ముందటేటివాటిలో ఆరో వంతు కలిపితే 183 రావాలి. ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద వచ్చినవాళ్లకి మొదటి 5 క్యాలెండర్ సంవత్సరాల రోజులు ఈ లెక్కలోకి రావు, అందుకే అన్నాళ్లూ సాధారణంగా నాన్-రెసిడెంట్లే. ఎగ్జెంప్ట్ అన్నది అంతవరకే, పన్ను కట్టక్కర్లేదని కాదు. డిసెంబర్ చివర్లో విమానం దిగినా ఆ ఏడాది ఒకటి ఖర్చయిపోయినట్టే, కాబట్టి టికెట్ తేదీ రాసి పెట్టుకోండి.

నేను చేసిన పని ఏంటంటే, ఆ మాటే పట్టుకుని, జీతంలోంచి పన్ను ఎంత కోయాలో చెప్పే డబ్ల్యూ-4 ఫారంలో దర్జాగా 'ఎగ్జెంప్ట్' అని రాసేశాను. అక్కడ దాని అర్థం వేరు: నా జీతంలోంచి ఫెడరల్ పన్ను ముందుగా కోయొద్దని. నాన్-రెసిడెంట్ అలా రాయకూడదు. పేరోల్‌లో ఎవరూ పట్టించుకోలేదు. ప్రతి చెక్కులో నాలుగు డాలర్లు ఎక్కువ కనిపిస్తుంటే సంతోషంగా ఖర్చుపెట్టాను. ఏప్రిల్‌లో మొత్తం ఒకేసారి కట్టమంటే రూమ్మేట్ దగ్గర అప్పు చేశాను.

నిజంగా డబ్బు మిగిల్చే ఎగ్జెంప్ట్ ఇంకొకటుంది. ఎఫ్-1 మీద నాన్-రెసిడెంటుగా ఉన్నన్నాళ్లూ, వీసా నిబంధనల ప్రకారం చేసే ఉద్యోగంలో సోషల్ సెక్యూరిటీ (పెన్షన్) పన్ను 6.2 శాతం, మెడికేర్ (వృద్ధుల వైద్యం) పన్ను 1.45 శాతం కోయకూడదు. ఎఫ్-1 మీదే చదువుకి సంబంధించిన ఉద్యోగం చేసుకోనిచ్చే ఓపీటీలోనూ అంతే. చిన్న కంపెనీల పేరోల్‌వాళ్లకి ఇది తెలియక వందకి 7.65 డాలర్లు కోసేస్తుంటారు, మనవాళ్లేమో మొహమాటపడి అడగరు. అడగండి. ముందు కంపెనీనే తిరిగివ్వమనాలి. కాదంటే రీఫండ్ అడిగే ఫారం 843కి ఫారం 8316 జతచేసి ఐఆర్ఎస్‌కి పంపాలి. ఉద్యోగ వీసా హెచ్-1బీకి మారిన రోజు నుంచి మాత్రం అందరిలాగే కట్టాలి.

ఆఫర్ లెటర్‌లో 'ఎగ్జెంప్ట్' అని ఉంటే మాత్రం సంబరపడకండి. వారానికి 40 గంటలు దాటి పనిచేసినా ఓవర్‌టైమ్ ఇవ్వక్కర్లేదని అర్థం. నాన్-ఎగ్జెంప్ట్ అయితే ఆ పైగంటలకి ఒకటిన్నర రెట్లు ఇవ్వాలి.

ఇక యూనివర్సిటీ ఉద్యోగాల ప్రకటనల్లో కనిపించే 'క్యాప్ ఎగ్జెంప్ట్'. హెచ్-1బీకి ఏటా 65,000, ఇక్కడ మాస్టర్స్ చేసినవాళ్లకి మరో 20,000 అన్న పరిమితి వాళ్లకి వర్తించదు, దరఖాస్తులు ఎక్కువైతే తీసే లాటరీ గొడవ ఉండదు. మంచిదే. కానీ ఎప్పుడూ ఆ పరిమితిలో లెక్కకు రానివాళ్లు అక్కణ్ణుంచి మామూలు కంపెనీకి మారాలంటే లాటరీయే. మినహాయింపు యూనివర్సిటీది, మీది కాదు. ఈ సంగతి తెలియక ఆఫర్ వచ్చాక తలపట్టుకున్నవాళ్లు నాకు తెలుసు.

కుర్రాడి చేత పే స్టబ్ ఫోటో పంపించుకుని చూశాను. ఫెడరల్ పన్ను కోశారు, సరే. సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ గడుల్లో సున్నా ఉంది, అదీ సరే. "అంతా బానే ఉందిరా. ఏప్రిల్‌లో నాన్-రెసిడెంట్ల పన్ను రిటర్న్ 1040-ఎన్ఆర్‌తో పాటు, రోజుల మినహాయింపు చెప్పే ఫారం 8843 కూడా పంపాలి, గుర్తుందిగా?" అన్నాను.

"అదేంటన్నా?" అన్నాడు.