ఆదివారం పని గురించి ఒక జాబు

నాయనా,

నీ కథలో చివరి రెండు పేజీలు నన్ను బాగా విసిగించాయి. పొగాకు ఆకును మంట వేడితో ఆరబెట్టే బ్యారన్‌లో ఆదివారం పనికి వెళ్లిందని పాస్టరు చర్చిలో రొట్టె పంచే ప్రభు బల్ల దగ్గర ఆపేస్తే, ఆ వితంతువు బైబిల్లో పౌలు రాసిన రోమా పత్రిక అందుకుని విశ్వాసం గొప్పదా క్రియలు గొప్పవా అని ప్రసంగిస్తుందా? పగలంతా ఆకు మోసిన మనిషికి అంత ఓపిక ఎక్కడిది? బంక అంటిన వేళ్లు కొంగుకు తుడుచుకుని రొట్టె కోసం చెయ్యి చాచింది చూడు, కథ అక్కడే అయిపోయింది. ఆ వాక్యం నాకు కంటనీరు తెప్పించింది.

అసలు కోపం పాస్టరు విషయంలో. అతన్ని రాతిబొమ్మను చేశావు. ఆదివారం పని చేయకూడదన్న ఆజ్ఞ మన ప్రాంతంలో ఎలా పాతుకుందో విచారించావా? 1866లో ఒంగోలు వచ్చిన బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర, సంఘంలో చేరిన మాదిగలకు పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చేయవద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినవద్దు, విగ్రహాలకు మొక్కవద్దు. ఆసామి కేకేస్తే పరుగెత్తాల్సిన మనిషి, వారానికి ఒక్కరోజు ‘ఇవాళ రాను’ అనగలిగాడు. అన్నందుకు వేధింపులూ పడ్డాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారని గర్వంగా రాశావు కదా, వాళ్లు విశ్వాసంతో పాటు ఆ ఆదివారాన్నీ పుచ్చుకున్నారు.

ఇది నా మొండిపట్టే అనుకో. ఏ ఆజ్ఞ అయినా ఒకప్పుడు ఎవరికో విడుదల అయి ఉంటుంది. ద్వితీయోపదేశకాండం అయిదో అధ్యాయం తీసి చూడు, ఇశ్రాయేలీయులు ఐగుప్తులో దాసులుగా ఉన్నారు గనుకనే విశ్రాంతి దినం. నీ దాసుడూ, నీ దాసీ కూడా విశ్రమించాలని అక్కడే ఉంది. ఆ విడుదలే ఇప్పుడు ఒక కూలీ మనిషి నోటి దగ్గరి రొట్టెను లాగేస్తోంది. బ్యారన్‌లో మంట పెట్టాక ఆదివారమని ఎవరూ ఆర్పరు. ఆమె మానితే కూలి పోతుంది. పాస్టరు తాత ఆదివారం కోసమే దెబ్బలు తిన్నాడని రాయి, అప్పుడు అతని గొంతులో కాఠిన్యం ఎక్కడిదో పాఠకుడికి తెలుస్తుంది.

పౌలు కూడా సిద్ధాంతంతో మొదలుపెట్టలేదు. గలతీ పత్రిక రెండో అధ్యాయంలో ముందు అంతియొకయ పట్టణంలో జరిగిన గొడవ. యూదులు కాని అన్యజనులతో కలిసి తింటున్న పేతురు, యెరూషలేము సంఘపెద్ద యాకోబు దగ్గరి నుంచి మనుషులు రాగానే భయపడి పంక్తి నుంచి తప్పుకున్నాడు. పౌలు అందరి ముందూ నిలదీశాడు. మనిషి నీతిమంతుడయ్యేది ధర్మశాస్త్ర క్రియల వల్ల కాదు, విశ్వాసం వల్లే అన్న ఆ ప్రసిద్ధ వాక్యం ఆ తర్వాతే వస్తుంది. ఎవరి పక్కన ఎవరు తిన్నారన్నది మన ఊళ్లలో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు.

నా తొలి కథలు తిప్పి పంపిన సంపాదకుడొకాయన, చర్చి కథంటే పాస్టరు దొంగైనా కావాలి, దేవదూతైనా కావాలి అన్నాడు. ఆ జాతి ఇంకా అంతరించలేదు. నీ పాస్టరు వాళ్లకు బాగా నచ్చుతాడు, అదే నా భయం.

విశ్వాసం వల్లే అన్న పౌలు చెప్పింది నిజమా, క్రియలు లేని విశ్వాసం మృతమన్న యాకోబు చెప్పింది నిజమా అని అడిగావు. కథోలికులూ లూథరన్లూ ఈ విషయం మీదే శతాబ్దాలు తగువులాడి 1999లో ఆగ్స్‌బర్గ్‌లో ఒక ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశారు. ఈ జాబులో నేను తేల్చేది ఏమీ లేదు.

ప్రసంగం కొట్టేసి, పాస్టరు ఇంటికి ఒకసారి వెళ్లి, ఆయన చేత కాస్త మాట్లాడించి, మళ్లీ రాసి పంపు.